యూపీవీసీ కిటికీల మీద పెయింటు మరకలు: థిన్నర్ జోలికి వెళ్లకుండా

బదిలీ ఉత్తర్వులు చేతికి రాగానే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది పిల్లల స్కూలు, ఆ తర్వాత అద్దె ఇంటి అడ్వాన్సు. ఖాళీ చేసేముందు రంగులు వేయించి ఇవ్వాలన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. గోడకు వేసే రంగు కిటికీ ఫ్రేముల మీద కూడా పడుతుంది. తాళాలు తీసుకోవడానికి వచ్చిన యజమాని కొత్త గోడల వైపు చూడడు, తెల్లటి ఫ్రేము మీది చారలనే చూస్తాడు. జోనల్ కార్యాలయంలో ప్రెమిసెస్ విభాగం చూసిన మూడేళ్లలో శాఖల మరమ్మతు బిల్లులతో పాటు సహోద్యోగుల ఇలాంటి తగువులు కూడా నా టేబుల్ దాకా వచ్చేవి. అందుకే ఈ నాలుగు మాటలు.

టేకు కిటికీ అయితే గరుకు కాగితంతో రుద్ది మళ్లీ రంగు వేస్తే సరిపోయేది. ఇప్పటి అపార్టుమెంట్లలో, కొత్త శాఖల్లో ఎక్కువగా కనిపిస్తున్నవి యూపీవీసీ కిటికీలు. అమెరికాలో ఉన్న మనవాళ్లు వినైల్ విండోస్ అనేవి కూడా ఇవే. వీటి తెలుపు పైన పూసిన రంగు కాదు. ప్లాస్టిక్ తయారీలోనే టైటానియం డయాక్సైడ్ కలుపుతారు. తెలుపూ దానివల్లే, ఎండకు కొంత రక్షణా దానివల్లే. ఆ ఉపరితలం నున్నగా ఉంటుంది కాబట్టి పెయింటు లోపలికి ఇంకదు, పైనే అంటుకుని ఉంటుంది. కానీ ఆ నునుపు ఒకసారి పోతే తిరిగి తేవడం చాలా కష్టం. అంటే ఫ్రేము మీద పడిన పెయింటు వల్ల నష్టమేమీ లేదు. నష్టమంతా దాన్ని తీసే తీరులోనే ఉంటుంది.

ఒక శాఖలో రంగులు పూర్తయ్యాక పనివాళ్లు ఫ్రేములన్నీ ఎన్‌సీ థిన్నర్‌తో తుడిచారు. సాయంత్రానికి తళతళలాడాయి. వారం తిరక్కుండానే తుడిచినచోటల్లా మెరుపు పోయి, దుమ్ము పట్టి, మచ్చలు తేలాయి. థిన్నర్‌లో కీటోన్లు, టోలీన్ వంటి ద్రావకాలు ఉంటాయి. అవి పీవీసీనే మెత్తబరుస్తాయి. ప్లంబరు పైపులు అతికించే సాల్వెంట్ సిమెంటు పనిచేసేది సరిగ్గా ఈ గుణం మీదే. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్‌దీ, పెయింట్ రిమూవర్ డబ్బాలదీ అదే దారి. ఆ శాఖ విషయంలో నష్టాన్ని పెయింటరు కూలీలో కోస్తానన్నాడు కాంట్రాక్టరు. ఎంబీఏలో రూట్ కాజ్ అనాలిసిస్ గురించి పేజీలకు పేజీలు చదువుకున్నాం. ఇక్కడ మాత్రం 'ఆ డబ్బా తెచ్చిందెవరు?' అన్న ఒక్క ప్రశ్న చాలింది. తెచ్చింది కాంట్రాక్టరు సూపర్‌వైజరే. పెయింటరుకు పూర్తి కూలీ ముట్టిందని రుజువు చూశాకే బిల్లు పాస్ చేశాం.

సరైన పద్ధతి ఏమిటో ఆ తర్వాత ఒక సహోద్యోగి ఇంట్లో చేసి చూశాం. నాలుగు కిటికీల నిండా చారలు. ఫ్రేములు మార్పించాలి, ఆ ఖర్చు అడ్వాన్సులో పట్టుకుంటానని యజమాని అప్పటికే చెప్పి వెళ్లాడు.

"థిన్నర్ పెడితే రెండు నిమిషాల పని సార్," అన్నాడు పెయింటింగ్ మేస్త్రి.

"ఆగండి మేస్త్రీ, ముందు అదేం పెయింటో చూద్దాం," అన్నాను.

చూడటం తేలికే. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో దూది ముంచి మరక మీద రుద్దాలి. దూదికి రంగు అంటితే అది నీళ్లలో కలిపే ఎమల్షన్. అంటకపోతే ఆయిల్ ఎనామెల్ అయి ఉండవచ్చు. డిస్టెంపర్ అయితే స్పిరిట్ దాకా వెళ్లనక్కర్లేదు, తడిగుడ్డకే వస్తుంది. కోవిడ్ నాటి శానిటైజర్ సీసాలు శాఖల్లో ఇంకా మిగిలే ఉంటాయి. ఆల్కహాల్‌తో చేసిన పల్చటి రకమైతే అదీ పనికొస్తుంది, జెల్ మాత్రం జిడ్డు వదులుతుంది. ఏది వాడినా ముందు కిటికీ తెరిచినప్పుడు కనబడని మూలలో పరీక్షించాలి. తలుపులు తెరిచి ఉంచాలి, దగ్గర్లో దీపం, స్టవ్ వెలగకూడదు. యూపీఎస్ గదిలో అసలు చేయకూడదు.

మా మరకలు ఎమల్షన్‌వే. ముందు గోరువెచ్చని సబ్బునీళ్లతో ఫ్రేము కడిగించాం. తర్వాత స్పిరిట్‌లో తడిపిన గుడ్డముక్కను మరక మీద రెండు మూడు నిమిషాలు పరిచి ఉంచితే పెయింటు ఉబ్బి మెత్తబడింది. ఇక గీకాలి. ఇక్కడే బ్యాంకువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. గడువు తీరిన ఏటీఎం కార్డు! సాధారణంగా అదీ పీవీసీయే, మందం ముప్పావు మిల్లీమీటరు. ఫ్రేమూ అదే జాతి కాబట్టి గీత పడే భయం తక్కువ. కార్డును బాగా వాల్చి, ఒకే దిశలో, నెమ్మదిగా తోయాలి. అంచు మొద్దుబారితే కత్తెరతో సన్నగా కత్తిరించుకోవాలి. (మీ సొంత కార్డే సుమా, అదీ చిప్‌నూ నల్లపట్టీనీ కత్తిరించాక. ఖాతాదారులు అప్పగించిన కార్డుల సంగతి వేరే సర్క్యులర్లో ఉంది.) ఒక్కో కిటికీకి గంట పైనే పట్టింది. మేస్త్రి మొదట విసుక్కున్నాడు కానీ, రెండో కిటికీ నుంచి గుడ్డ ఎంతసేపు ఉంచాలో తనే చెప్పసాగాడు.

ఎనామెల్‌తో ఇంకాస్త ఓపిక కావాలి. తడిగా ఉండగా అయితే గుడ్డకు కొద్దిగా టర్పెంటైన్ అద్ది తుడిచి, వెంటనే సబ్బునీళ్లతో కడిగేస్తే పోతుంది. టర్పెంటైన్ చుట్టూ ఉన్న నల్ల రబ్బరు పట్టీకి తగలకూడదు. అది ఈపీడీఎం రబ్బరైతే ఉబ్బిపోతుంది. ఎండిన ఎనామెల్‌కు టర్పెంటైన్ లొంగదు. వెచ్చని సబ్బుగుడ్డ పరిచి, పెళుసుగా ఉన్న అంచు కింద కార్డు దూర్చి పెచ్చులుగా లేపడమే మార్గం. చివరికి ఎక్కడో ఒక చుక్క మిగిలితే దాన్ని అలాగే వదిలేయండి. చుక్కతో సర్దుకుపోయే యజమాని కూడా గీతలు పడిన ఫ్రేము చూస్తే ఊరుకోడు.

స్టీలు పీచు, గరుకు కాగితం, బ్లేడు వద్దు. హీట్ గన్ అసలే వద్దు. పీవీసీ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది, హీట్ గన్ గాలి అంతకు ఎన్నో రెట్లు వేడి. చెక్క రంగు ఫ్రేములైతే పైన ఉన్నది పలుచని పొర మాత్రమే. వాటికి సబ్బునీళ్లు, కార్డు దాటి వెళ్లకండి.

సున్నం మరకకు నీళ్లు కలిపిన వెనిగర్ బాగా పనిచేస్తుంది. అయితే కిటికీ కింద వేసింది కడప బండ అయినా, పాలరాయి అయినా వెనిగర్ ఒక్క చుక్క కూడా దాని మీద పడకూడదు. రెండూ సున్నపు జాతి రాళ్లే, మెరుపు పోతుంది. గ్రానైటుకు ఆ బెడద లేదు. గోడపుట్టీని పొడిగా గీకకూడదు, అందులోని గట్టి రేణువులే గీతలు పెడతాయి. బాగా నాననిచ్చి తుడవాలి.

మళ్లీ రంగులు వేయించేవాళ్లు ఫ్రేముకు మాస్కింగ్ టేపు వేయించి, పెయింటు పూర్తిగా ఎండకముందే తీయించండి. కొత్త కిటికీలకు కంపెనీవాళ్లు అంటించిన ప్లాస్టిక్ పొర ఉందిగా అని నెలలతరబడి వదిలేసేవాళ్లను చూశాను. ఎండకు దాని జిగురు గట్టిపడి, పెయింటు మరక కంటే మొండిదవుతుంది.

ఇంకొకటి, ఇది యజమానులు కూడా గమనించరు. ఫ్రేము కింది భాగంలో బయటివైపు సన్నని గాట్లు ఉంటాయి, వాననీరు పోవడానికి. పెయింటరు చేతిలోని పుట్టీ వాటిని మూసేస్తే తొలకరికే నీళ్లు గదిలోకి వస్తాయి. కిటికీ పట్టాలో ఒక చెంబెడు నీళ్లు పోసి బయటికి కారుతున్నాయో లేదో చూడాలి. ఆ ఇంట్లో నాలుగింటిలో రెండు కిటికీల నుంచి చుక్క కూడా కారలేదు. మేస్త్రి చీపురుపుల్లతో గట్టిపడిన పుట్టీ పొడిచి తీశాడు. మర్నాడు యజమాని వచ్చి ఫ్రేముల మీద వేలు పెట్టి రాసి చూసుకున్నాడు, అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చాడు.