అభివృద్ధిలో అందరికీ వాటా

చెరువు నిండినంత మాత్రాన చివరి పొలానికి నీరందదు. అందుకు కాలువ తవ్వాలి. దేశాభివృద్ధి విషయంలోనూ ఇంతే. తరతరాలుగా భూమికీ చదువుకూ దూరమైన వర్గాలకు ప్రగతి ఫలాలు వాటంతట అవి చేరవు. కనుకనే బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డు కులాల, తెగల విద్యా ఆర్థిక ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యాంగంలోని 46వ అధికరణం ప్రభుత్వాన్ని ఆదేశించింది.

తొలి పంచవర్ష ప్రణాళికల కాలంలో ఈ బాధ్యత ప్రధానంగా సంక్షేమ శాఖకే పరిమితమైంది. వసతి గృహాలు, ఉపకార వేతనాలు ఎందరినో విద్యావంతులను చేశాయి. కాని నీటిపారుదల, విద్యుత్తు, పరిశ్రమల వంటి పెద్ద పద్దులలో ఈ వర్గాలకు దక్కిన భాగం స్వల్పం. ఈ లోపాన్ని సవరించడానికి ఐదవ పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉపప్రణాళిక రూపొందింది. 1970వ దశకం చివర షెడ్యూల్డు కులాల కోసం స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ ఏర్పడింది. దీని రూపకల్పనలో ఆంధ్రప్రదేశ్ కేడరుకు చెందిన ఐ.ఏ.ఎస్. అధికారి పి.ఎస్. కృష్ణన్ పాత్ర ముఖ్యమైనది. యువ అధికారిగా దళితవాడలలోనే విడిది చేసి, అక్కడి సమస్యలను స్వయంగా తెలుసుకొన్న అనుభవం ఆయనది. అదే కేడరుకు చెందిన ఎస్.ఆర్. శంకరన్, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని పేదల పక్షాన నిలిచి అమలు చేయించిన అధికారిగా చిరస్మరణీయుడు.

ఉపప్రణాళిక సూత్రం సరళమైనది. జనాభాలో ఒక వర్గం నిష్పత్తి ఎంతో, ప్రణాళికా నిధులలో దాని వాటా అంత ఉండాలి. 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాలవారు 16.2 శాతం, తెగలవారు 6.6 శాతం. అయితే ఆచరణలో ఈ వాటా తరచు కాగితాలకే పరిమితమైంది. అందరూ నడిచే రహదారి ఖర్చులో కొంత భాగాన్ని ఈ పద్దులో చూపేవారు. ఏడాది చివర మిగిలిన సొమ్ము మురిగిపోయేది. వాడకు రావలసిన మంచినీటి కుళాయి మాత్రం రాలేదు.

దళిత, గిరిజన సంఘాల సుదీర్ఘ ఆందోళన ఫలితంగా 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపప్రణాళికకు చట్టబద్ధత లభించింది. 2017లో పంచవర్ష ప్రణాళికల శకం ముగియడంతో, తెలంగాణ అదే ఏడాది ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో కొత్త చట్టం చేసింది. ఖర్చుకాని సొమ్మును మరుసటి ఏడాదికి బదలాయించే ఏర్పాటు అందులో ఉంది.

చట్టం హక్కును ఇస్తుంది. దానిని సాధించుకోవడానికి మెలకువ అవసరం. తమ వాడ పేరిట ఎంత మంజూరైందో, ఎంత ఖర్చయిందో గ్రామసభలో నిలిచి అడగగలిగిన నాడు ఆ వాటా నిజంగా ప్రజలదవుతుంది. అలా అడగగల శక్తిని ఇచ్చేది చదువు.

ప్రశ్నలు

1. ఉపప్రణాళిక ముఖ్య సూత్రాన్ని వివరించండి.
2. ఉపప్రణాళిక అమలులో ఏర్పడిన లోపాలు ఏవి?
3. కాలువ తవ్వాలనే పోలికలోని ఔచిత్యాన్ని తెలపండి.