చిత్తుబొమ్మలు నేర్పిన పాఠాలు

డ్రాయింగు మాస్టారుగా పనిచేసినంత కాలం యూరప్ చిత్రకళ నాకు ఇష్టమైన చదువు. పూర్తయిన చిత్రంలో కన్నా, దానికోసం ముందు గీసుకున్న చిత్తుబొమ్మలోనే చిత్రకారుడి ఆలోచన బాగా తెలుస్తుందని నా నమ్మకం. బొమ్మలు నేర్చుకునే పిల్లలకోసం ఈ నాలుగు మాటలు.

1. చిత్తుబొమ్మ మొదట్లో కప్పెట్టేయడానికే పుట్టింది. ఇటలీలో గోడల మీద చిత్రాలు వేసేవాళ్లు గరుకు పూత మీద ఎర్రమట్టి రంగుతో బొమ్మంతా గీసుకునేవారు. దాన్ని సినోపియా అంటారు. ఆపైన ఏ రోజుకారోజు వేయగలిగినంత మేరకే సన్నటి సున్నం పూసి, తడి ఆరకముందే రంగులు వేసేవారు. కింది గీతలు ఇక ఎవరి కంటా పడేవి కావు. 1944 జూలైలో, యుద్ధంలో, పీసా నగరంలోని కాంపోసాంతో అనే పాత శ్మశానవాటికకు నిప్పంటుకుని పైకప్పు సీసం కరిగి గోడల మీదకు కారింది. దెబ్బతిన్న చిత్రాలను కాపాడాలని గోడల నుంచి ఊడదీస్తే, వందల ఏళ్ల నాటి ఎర్రగీతలు బయటపడ్డాయి. ఇప్పుడు వాటికోసమే అక్కడ ఒక మ్యూజియం ఉంది.

2. కాగితం విరివిగా దొరికాక పద్ధతి మారింది. అసలు కొలతలోనే కాగితం మీద బొమ్మ గీసి (దీన్నే కార్టూన్ అనేవారు), గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, గోడకు ఆనించి, బొగ్గుపొడి మూటతో తట్టేవారు. మగ్గం వర్క్ చేసేవాళ్లు బెజ్జాలు పొడిచిన ట్రేసింగ్ పేపరును జాకెట్టు గుడ్డ మీద పరిచి పొడి రుద్దుతారే, అదే కిటుకు. ఇలా వాడిన కాగితాలు చాలావరకు పాడైపోయాయి.

‘స్కూల్ ఆఫ్ ఏథెన్స్’ గోడచిత్రానికి రఫేల్ గీసిన కార్టూన్ మాత్రం మిలాన్‌లోని అంబ్రోసియానా చిత్రశాలలో ఉంది. వెడల్పు సుమారు 8 మీటర్లు. అందులో తత్వవేత్తలున్నారు, గోడచిత్రంలో వాళ్ల వెనకాల కనిపించే గొప్ప కట్టడం లేదు. ముందువైపు మెట్ల దగ్గర చెంపకు చెయ్యి ఆనించుకుని ఒంటరిగా కూర్చున్న మనిషీ లేడు. అతన్ని రఫేల్ తర్వాత చేర్చాడు. బెజ్జాలైతే ఉన్నాయి గానీ, గోడకు ఆనించింది దీని నకలునని పరిశోధకుల అభిప్రాయం. పనిముట్టును కూడా భద్రంగా దాచుకునే రోజులు వచ్చాయన్నమాట.

3. దాచేవాళ్లున్నట్టే కాల్చేవాళ్లూ ఉన్నారు. మైకెలాంజిలో చనిపోయే ముందు తన చిత్తుబొమ్మలు చాలా తగలబెట్టాడని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పాడు. పడ్డ పాట్లు లోకానికి తెలియడం ఆయనకు ఇష్టం లేదట. అదే వసారి ఇతరుల బొమ్మలను ఏరికోరి పుస్తకాల్లో అతికించి దాచాడు. నేను వసారి పక్షమే.

4. ఎవరి చెయ్యి పడిందన్నది ఒప్పందంలోకి ఎక్కింది. 1620లో ఆంట్‌వెర్ప్ జెసూయిట్ చర్చి పైకప్పుకు 39 చిత్రాలు ఒప్పుకున్నప్పుడు, చిన్న నమూనాలు రూబెన్స్ స్వయంగా వేయాలనీ, పెద్దవి వాన్ డైక్, ఇతర శిష్యులు పూర్తిచేయవచ్చనీ రాసుకున్నారు. 1718లో పైకప్పు చిత్రాలు కాలిపోయాయి. రూబెన్స్ చేత్తో వేసిన చిన్న నమూనాల్లో చాలా వరకు మిగిలాయి.

5. చిత్తుబొమ్మ దొరకలేదని చిత్రకారుడు ముందు ఆలోచించలేదనుకోకండి. కారవాజియోదని నిశ్చయంగా చెప్పగల చిత్తుబొమ్మ ఒక్కటీ లేదు. కానీ ఆయన కాన్వాసుల మీద, రంగు కింది పూతలో, మొనతో గీరిన గీతలు కనిపిస్తాయి.

6. కాన్‌స్టబుల్ ‘ది హే వెయిన్’ (1821) కోసం అంతే కొలతలో ఇంకో కాన్వాసు మీద చిత్తుగా వేసుకున్నాడు. అది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అందులో ఒడ్డున గుర్రం మీద ఒక మనిషి ఉంటాడు. అసలు చిత్రంలో ఆ చోట పీపా పెట్టి, తర్వాత దాన్నీ చెరిపేశాడు. కుక్క ఒక్కటే మిగిలింది. ఒడ్డు ఖాళీ అయ్యాక చూపు నేరుగా నీళ్లలోని బండి మీదకు పోతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఇది తట్టదు.

7. 1874లో మోనే ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ను ప్రదర్శనకు పెడితే, ఇది పూర్తికాని బొమ్మని విమర్శకుడు లెరువా ఎగతాళి చేశాడు. చిత్తుకూ చిత్రానికీ మధ్య గోడ అప్పటికే కూలుతోంది. అయినా చిత్తుబొమ్మ పని అయిపోలేదు. పికాసో 1937లో ‘గెర్నికా’కు ముందు, వేస్తుండగా, తేదీలు రాసి మరీ స్కెచ్‌లు వేశాడు. మే 1న వేసిన మొదటివాటిలోనే ఎద్దు, గుర్రం, దీపం పట్టుకున్న స్త్రీ ఉన్నారు. కాన్వాసు మీద పని సాగుతుంటే డోరా మార్ ఫొటోలు తీసింది. పడిపోయిన సైనికుడు మొదట పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తి ఉంటాడు; ఆ తర్వాతి ఫొటోలో పిడికిట్లో గింజల వెన్నులుంటాయి; ఆపైన చెయ్యే ఉండదు. ఆ ఫొటోలు వరసగా పెట్టుకుని, పిడికిలి ఎందుకు తీసేశాడో మీరే చెప్పండి.