పక్షి మెడ నిక్కించిందంటే ఆగిపోండి

ప్రశ్న: నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల గూళ్ళ ఫొటోలు తీయాలని ఉంది. నా దగ్గర 300 ఎం.ఎం. లెన్స్ ఉంది. ఎంత దగ్గరికి వెళ్ళవచ్చు?
– ఒక పాఠకుడు, నాయుడుపేట

జవాబు: ఇన్ని అడుగులని చెప్పలేను, ఆ లెక్క పక్షే చెబుతుంది. ఈకలు సర్దుకుంటున్న గూడబాతు ఆ పని మానేసి, మెడ నిక్కించి మీ వైపు చూసిందంటే మీరు హద్దు దాటినట్టే. మెల్లగా వెనక్కి తగ్గండి. అది మళ్ళీ ఈకల్లో ముక్కు పెట్టేదాకా కెమెరా ఎత్తకండి.

గూళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఒంటిమీద నూగు కూడా ఉండదు. తల్లో తండ్రో నీడ పట్టకపోతే ఎండకు తట్టుకోలేదు. పెద్దపక్షి బెదిరి లేచిపోతే కాకులకు ఆ కాస్త సందు చాలు. కడప చెట్ల మీద గూళ్ళు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకటి లేస్తే చుట్టుపక్కలవీ లేస్తాయి. అందుకే వాచ్ టవర్ మీంచే తీయండి. పక్షి చిన్నగా పడుతుందని బెంగపడకండి. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతుసంచిలోకి దూర్చి చేపను లాక్కోవడం, పక్క గూడు పిల్లలు అరవడం, కింద నీళ్ళు, ఇవన్నీ కలిసి పడిన ఫొటోనే నాకిష్టం. ముఖం ఒక్కటే ఫ్రేమంతా నిండిన ఫొటో జూలోనూ దొరుకుతుంది.

ప్రశ్న: ఫోన్లో పక్షి కూత వినిపిస్తే అది బయటికి వస్తుందంటారు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: వద్దండీ. తన చోట్లోకి మరో మగపక్షి చొరబడిందనుకుని అది పోట్లాటకు వస్తుంది. గూడు కట్టే రోజుల్లో మేతా గూడూ వదిలి, లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది. అంతరించిందనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించిన కలివి కోడి లాంటి అరుదైన వాటి విషయంలోనైతే ఆ ఆలోచనే రానివ్వకండి. సర్వేల్లో శాస్త్రవేత్తలు కూతలు వినిపిస్తారు గానీ, అది అనుమతితో, ఒక పద్ధతి ప్రకారం చేసే పని.

ప్రశ్న: మా వీధి చెట్టుతొర్రలో గుడ్లగూబల జంట ఉంది. ఫొటో ఎక్కడ తీశానో రాయవచ్చా?
– ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: జిల్లా పేరు చాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నా, దీపావళి రోజుల్లో క్షుద్రపూజల కోసం గుడ్లగూబలను పట్టి అమ్మేవాళ్ళున్నారు. ఫోన్లో లొకేషన్ ఆపేయండి. వెనక గోపురమో దుకాణం బోర్డో పడితే కత్తిరించండి. ఫ్లాష్ కొట్టకండి. పొద్దుగూకే వేళ అవి తొర్ర అంచుకు వచ్చి కూర్చుంటాయి, ఐ.ఎస్.ఓ. పెంచి ఆ వెలుగులోనే తీయండి.