పాత కోత మిషన్ ఎక్కడ పుట్టిందని అడిగేముందు

సరుగుడు తోటల్లో, జామాయిల్ కోతల్లో పనిచేసే కుర్రాళ్లు కనిపిస్తే నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఇది జర్మనీ మిషనేనా?" కూలికి పోయినన్నాళ్లు ఆ ప్రశ్నతో పనిలేదు. మిషన్ కాంట్రాక్టరుది, చెడిపోతే తిప్పలు ఆయనవి. సొంత మిషన్ పెట్టుకుంటే కూలితోపాటు మిషన్ బాడుగా చేతికొస్తుంది. కొత్తది కొనే స్తోమత లేనప్పుడు పాతదాని మీదికి మనసు పోతుంది. అమ్మేవాడు వాడే మొదటి అస్త్రం ఈ మాటే: "జర్మనీ మాల్ తమ్ముడూ, ఇప్పుడిలాంటివి రావు."

ఆ మాటకు నేనూ ఒకసారి పడిపోయాను. ఇంటికొచ్చి మట్టి తుడుస్తుంటే 'మేడ్ ఇన్ జర్మనీ' అన్న స్టిక్కరు గోటికి ఊడొచ్చింది. అప్పట్నుంచి ఏ కంపెనీ ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులు మారింది అని తవ్వుకుంటూ వచ్చాను. తెలిసిందాంట్లో మీ జేబుకు పనికొచ్చేది చెబుతాను.

చైన్‌తో కోసే మిషన్లకు జర్మనీ పుట్టిల్లులాంటిది, కాదనను. ఆండ్రియాస్ స్టిల్ 1926లో స్టుట్‌గార్ట్‌లో పని మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే ఎమిల్ లెర్ప్ అనే ఆయన తన పెట్రోల్ రంపాన్ని థురింగియాలోని డోల్మార్ కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. ఆ రంపం బరువు 58 కిలోలు, మోయడానికి ఇద్దరు కావాలి. ఒక్కడే పట్టుకుని కోయగల పెట్రోల్ మిషన్‌ను స్టిల్ 1950లో తెచ్చింది. అయితే 1970ల నుంచి ఆ కంపెనీ మిషన్లు ఒక్క జర్మనీలోనే తయారు కావడం లేదు. బ్రెజిల్‌లో సావ్ లియోపోల్దో, అమెరికాలో వర్జీనియా బీచ్, ఆ తర్వాత చైనాలో చింగ్‌దావ్. కంపెనీ జర్మనీదైనంత మాత్రాన మిషన్ జర్మనీలో తయారైందనుకోవద్దు. బ్రెజిల్‌ది తక్కువ, జర్మనీది ఎక్కువ అనుకోవడం కూడా దండగే. సొంత కంపెనీ ఫ్యాక్టరీలో, అదే డ్రాయింగు మీద చేసిన సరుకది. భయపడాల్సింది బ్రెజిల్ ముద్రకు కాదు, ఏ ఫ్యాక్టరీకీ చెందని నకిలీకి. పేరున్న పెద్ద మోడళ్లకు, ముఖ్యంగా స్టిల్ 070కి, అచ్చుగుద్దినట్టుండే నకళ్లు ఆసియా అంతటా తిరుగుతున్నాయి. స్టిక్కరును వదిలేసి, క్రాంక్‌కేసు లోహంలోనే కొట్టిన నంబరు కోసం వెతకండి. నంబరును రుద్దేసినా, అసలు నంబరే లేకపోయినా బేరం అక్కడే ఆపేయండి.

స్వీడన్ కథ వేరు. హుస్క్‌వర్నా 1689లో తుపాకుల కర్మాగారంగా మొదలైంది. రంపాల్లోకి వచ్చింది 1959లో. గోథెన్‌బర్గ్ పక్కనున్న యోన్‌సెరెడ్ దానికంటే ముందే, 1954లో, 'రాకెట్' పేరుతో రంపం తెచ్చింది. 1970ల చివర్లో ఎలెక్ట్రోలక్స్ ఈ రెంటినీ, పార్ట్‌నర్ అనే మూడో స్వీడన్ కంపెనీనీ ఒకే గూట్లోకి చేర్చింది. దానివల్ల మీకొక లాభం ఉంది. తర్వాతి కాలపు యోన్‌సెరెడ్ మోడళ్లు చాలావరకు రంగు మార్చిన హుస్క్‌వర్నాలే. యోన్‌సెరెడ్ 2171 విప్పి చూస్తే హుస్క్‌వర్నా 372కి కవల. యోన్‌సెరెడ్‌ను పేరు వినని ఎర్ర మిషనని అమ్మేవాడు చవగ్గా ఇచ్చేస్తుంటే, నారింజ రంగు హుస్క్‌వర్నా సామాన్లు దానికి సరిపోతాయేమో కనుక్కోండి.

ఈ రంగంలో మెకానిక్ కావాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన అమెరికా కథ ఒకటుంది. రాబర్ట్ మెక్కలక్ అనే ఆయన 1940ల చివర్లో లాస్ ఏంజెలిస్‌లో తేలికపాటి రంపాలు చేసి బాగా గడించాడు. 1960ల్లో అరిజోనా ఎడారిలో ఓ సరస్సు పక్కన స్థలం కొని, లేక్ హవాసు సిటీ అనే ఊరే కట్టి ఫ్యాక్టరీ పెట్టాడు. ఎడారికి జనం ఊరికే రారు కదా! 1968లో లండన్‌లో అమ్మకానికొచ్చిన లండన్ బ్రిడ్జిని 24 లక్షల 60 వేల డాలర్లకు కొని, రాళ్లకు నంబర్లు వేయించి ఓడల్లో తెప్పించి అక్కడ నిలబెట్టాడు. వంతెన ఇప్పటికీ ఉంది. మెక్కలక్ కంపెనీ మాత్రం 1999లో దివాలా తీసింది. పేరు చేతులు మారి హుస్క్‌వర్నా గూటికి చేరింది. నేడు ఆ పేరుతో వచ్చే మిషన్‌కూ ఆ పాత పసుపు మిషన్‌కూ పేరు తప్ప చుట్టరికం లేదు. పాతదానికి పిస్టన్ పోతే కొత్త డీలరు చేతులెత్తేస్తాడు.

ఇంకా చాలా పేర్లున్నాయి. న్యూయార్క్ రాష్ట్రపు హోమ్‌లైట్ టెక్స్‌ట్రాన్, జాన్ డీర్ చేతుల మీదుగా హాంకాంగ్ కంపెనీకి పోయింది. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో పుట్టిన పౌలాన్ ఎలెక్ట్రోలక్స్‌లో కలిసింది. డోల్మార్‌ను 1991లో జపాన్ కంపెనీ మకీటా కొంది. అదే మకీటా 2022లో పెట్రోల్ ఇంజిన్ల తయారీ మానేసింది. డోల్మార్ మిషన్ ఎంత గట్టిదైనా, కొంటే ఈ సంగతి తెలిసి కొనండి. జపాన్ మిషన్ల విషయంలో నాకు కాస్త పక్షపాతం ఉంది. ఎకో, షిందైవా రెండూ కలిసి యమాబికో అనే ఒకే కంపెనీ అయ్యాయి, వ్యాపారం నడుస్తూనే ఉంది.

ఇంత చెప్పాక అసలు మాటకొస్తాను. మిషన్ పుట్టిన ఊరికంటే, లోపల మాటిమాటికీ అరిగే భాగాలు పుట్టిన చోటు మీకు ముఖ్యం. పాత మిషన్ ఆగిపోయేది ఎక్కువగా కార్బొరేటర్ దగ్గర. కార్బొరేటర్‌ను సాధారణంగా రంపం కంపెనీ చేయదు. అమెరికాలో ఒహాయోలోని టొలెడోలో పుట్టిన టిలట్‌సన్, మిషిగన్‌లోని వాల్‌బ్రో, జపాన్ మూలాలున్న జామా, చాలావరకు వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. జామాను 2008లో స్టిల్ కొనేసింది. రంపం కంపెనీ మూతపడ్డా కార్బొరేటర్‌కు డయాఫ్రమ్ కిట్ దొరికితే మిషన్ బతుకుతుంది. కొనేముందు ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, కార్బొరేటర్ మీదున్న పేరు, అక్షరాలు, అంకెలు ఫోన్లో ఫొటో తీసుకోండి. సామాన్ల కొట్టువాడికి ఆ ఫొటో చూపించి కిట్ ఉందో లేదో అడిగాకే అడ్వాన్సు ఇవ్వండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత రబ్బరు దానికి తొందరగా గట్టిపడుతుంది. అందుకే కిట్, పెట్రోల్ పైపు రెండూ మార్చడం ఎలాగూ తప్పదు. ఆ ఖర్చు బేరంలోనే తగ్గించమనండి.

చైన్ సంగతీ అంతే. జర్మనీ స్టిల్‌కు వచ్చే చైన్ స్విట్జర్లాండ్‌లోని విల్ పట్నంలో తయారవుతుంది. చాలా మిషన్లకు పడే ఆరెగాన్ చైన్ కథ పోర్ట్‌లాండ్‌లో మొదలైంది. జో కాక్స్ అనే రంపపు పనివాడు 1946లో మొద్దును తొలిచే పురుగు నోటిని చూసి, అది ఇరువైపులా చెక్కుకుంటూ పోయే తీరులో పళ్లు చేశాడు. చైన్ కొనడానికి ఊరి పేర్లు అక్కర్లేదు, కొలతలు కావాలి. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే పిచ్ వస్తుంది. స్టిల్ చైన్‌లో, బార్ గాడిలోకి దిగే లింకు మీద చిన్న అంకె ఉంటుంది. 3 అంటే 1.3 మిల్లీమీటర్ల మందం, 5 అంటే 1.5, 6 అంటే 1.6. హుస్క్‌వర్నా బార్ గాడి తరచుగా 1.5 ఉంటుంది. అందులోకి 1.6 చైన్ దిగదు. 1.6 గాడిలో 1.5 వేస్తే చైన్ వాలిపోయి కోత వంకర పోతుంది.

ఇంజిన్ చూడటానికి పెద్ద విద్యేం లేదు. సైలెన్సర్ రెండు బోల్టులూ విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూడండి. నిలువు గీతలుంటే, చాలావరకు ఎవరో టూటీ ఆయిల్ సరిగా కలపకుండా తోలారన్నమాట. నేటి మంచి ఆయిల్‌తో లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలు. మామూలు ఆయిల్ వాడితే 40 పోయాలి. 1960ల నాటి మిషన్లలో కొన్ని లీటరుకు 60 దాకా అడిగేవి. ట్యాంకు మూత మీద నిష్పత్తి రాసుంటే దాన్నే నమ్మండి.

పోయిన నెల ఒంగోలు వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. నికార్సైన జర్మనీ మిషనేనట, నంబరు కూడా సరిగ్గానే ఉందట. ముందు హ్యాండిల్ ఎదుట చేతికి అడ్డంగా లివర్ ఉందా, దాన్ని ముందుకు తోస్తే చైన్ ఆగుతుందా అని అడిగాను. లేదన్నాడు. చైన్ బ్రేకులు 1970ల్లోనే వచ్చాయి. అంతకుముందు మిషన్‌లో బార్ మొన చెట్టుకు తగిలి వెనక్కి ఎగిరితే ఆపేది ఏదీ లేదు, నీ చెయ్యీ మొహమే అడ్డం. వాటి వణుకుకు వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడేవి కూడా. అలాంటి మిషన్ గాజు బీరువాలో పెట్టుకునేవాళ్లకు పనికొస్తుంది, రోజంతా సరుగుడు కోసేవాడికి పనికిరాదు. కొనొద్దని చెప్పాను. మీరూ కొనకండి.