ఒడ్డున నుయ్యి

"ఏటే కోడలా, గంజిలో ఉప్పు రెండుమార్లు వేసినావా?" అంది అత్త.

"ఒక్కమారు కూడా వెయ్యలేదత్తా" అంది కోడలు.

అత్త ఇంకో గుక్క తాగింది. గంజి ఉప్పగానే ఉంది. కుండలో నీళ్లు చెంబుతో ముంచి తాగింది. అవీ ఉప్పగానే ఉన్నాయి.

తప్పు కోడలిది కాదు. గంజిదీ కాదు. నూతి నీళ్లే మారిపోయాయి.

పల్లె ఎలా ఉంటుంది?

ఉత్తరాన ఇచ్ఛాపురం నుంచి దక్షిణాన తడ దాకా మనకు పెద్ద సముద్ర తీరం ఉంది. దాని పొడవు సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఆ తీరం వెంట ఎన్నో పల్లెలు ఉన్నాయి. అలాంటి ఒక పల్లె కథ చదువుదాం. అది శ్రీకాకుళం వైపు పల్లె అనుకోండి.

పల్లెలో 160 గడపలు. మగవాళ్లు తెల్లవారకముందే వేటకు పోతారు. ఆడవాళ్లు చేపలు గంపకెత్తి ఊళ్లలో అమ్ముతారు. మిగిలిన చేపలకు ఉప్పు పట్టించి ఎండబెడతారు. ఎండ చుర్రుమంటుంది. ఒంటికి చెమట పడుతుంది. సాయంత్రం సముద్రపు గాలి తగిలితే ప్రాణం లేచి వస్తుంది.

పల్లెకు కరెంటు ఉంది. బడి ఉంది. తారు రోడ్డు ఉంది. తుపాను వస్తే తలదాచుకోవడానికి మేడ ఉంది. కుళాయిలు కూడా ఉన్నాయి. ఇంటింటికీ కుళాయి ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2019లో జలజీవన్ మిషన్ మొదలుపెట్టింది. మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని దాని లెక్క. కానీ ఈ పల్లె పైపు చివర ఉంది. నీళ్లు రోజు మార్చి రోజు, అరగంట మాత్రం వస్తాయి. వేసవిలో అవీ సన్నబడతాయి.

అందుకే అందరికీ నుయ్యే ఆధారం. ఇసుక దిబ్బ వెనక, తాటిచెట్ల దగ్గర ఉంది ఆ నుయ్యి. తాతల కాలంలో తవ్వినది. లోతు 15 అడుగులు. సముద్రం కూతవేటు దూరంలోనే ఉన్నా, ఆ నీళ్లు ఎప్పుడూ తియ్యగా ఉండేవి.

ఇప్పుడు ఆ నీళ్లతో పప్పు ఉడకడం లేదు. సబ్బు రుద్దితే నురగ రావడం లేదు. కాచి చల్లార్చినా ఉప్పు పోవడం లేదు. కాస్తే నీటిలోని క్రిములు చస్తాయి. ఉప్పు మాత్రం అందులోనే ఉంటుంది. ఆడవాళ్లు మంచినీళ్ల కోసం మూడు కిలోమీటర్లు నడుస్తున్నారు.

పదహారు వేల చందా

అవి వేట నిషేధం రోజులు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేటకు పోరాదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు. రామమందిరం అరుగు మీద చేరారు.

"నుయ్యి లోతు చాలక ఇలాగయింది. వంద అడుగుల బోరు దింపుదాం" అన్నాడు ఒకాయన. అందరూ సరే అన్నారు. ఇంటికి వంద రూపాయలు చందా వేశారు. 160 ఇళ్లకు 16,000 రూపాయలు పోగయ్యాయి. వేట లేని రోజుల్లో వంద రూపాయలంటే మాటలు కాదు. కొందరు అప్పు తెచ్చి ఇచ్చారు.

మన కోడలు రాత్రి చదువుల కేంద్రంలో అక్షరాలు నేర్చుకుంది. లెక్కలు కూడా నేర్చుకుంది. ఆమె నెమ్మదిగా అడిగింది. "మావా, బోరు దింపేక ఆ నీళ్లు కూడా ఉప్పగా ఉంటే? డబ్బు తిరిగొస్తాదా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. చివరికి కులపెద్ద అన్నాడు. "పిల్ల అడిగిందీ నిజమే. ముందు తెలిసినోళ్లని అడుగుదాం."

కోడలు మండలంలోని నీటి సరఫరా ఆఫీసుకు అర్జీ రాసింది. అది ఆమె రాసిన మొదటి అర్జీ. దాని కింద 42 మంది సంతకాలు చేశారు. వేలిముద్రలు 9 మాత్రమే ఉన్నాయి.

తేలే నీరు

పది రోజులకు ఇంజనీరు వచ్చాడు. నూతి నీళ్లు సీసాలో పట్టాడు. తరువాత ముసలి జాలరిని ఒక ప్రశ్న అడిగాడు.

"తాతా, మీ పడవ ఏట్లో ఎక్కువ మునుగుతుందా? సముద్రంలోనా?"

"ఏట్లోనే బాబూ. కూసింత ఎక్కువ ములుగుతాది. సముద్రంలోకి పోతే పైకి తేల్తాది."

"ఎందుకని?"

"ఉప్పునీళ్లు బరువు కద బాబూ, మోస్తాయి!"

"అదే మీ నూతి రహస్యం" అన్నాడు ఇంజనీరు. అందరికీ ఇలా చెప్పాడు.

లీటరు మంచినీరు బరువు 1,000 గ్రాములు. లీటరు సముద్రపు నీరు బరువు సుమారు 1,025 గ్రాములు. అందులో 35 గ్రాముల దాకా ఉప్పే. ఒడ్డున ఇసుక కింద సముద్రపు నీరు ఊరి వైపు చొచ్చుకొని ఉంటుంది. వాన నీరు ఇసుకలో ఇంకుతుంది. అది తేలిక. అందుకని బరువైన ఉప్పునీటి మీద పొరలాగా నిలుస్తుంది. నీళ్ల మీద నూనె తేలినట్టే. తేడా ఒకటి ఉంది. నూనె నీళ్లలో కలవదు. మంచినీరు మాత్రం కదిపితే ఉప్పునీటిలో కలిసిపోతుంది.

ఆ పొర ఎంత మందం? దానికి ఒక లెక్క ఉంది. మంచినీరు సముద్ర మట్టం కన్నా ఒక అడుగు ఎత్తున ఉంటే, మట్టానికి కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుంది. అర అడుగు ఎత్తున ఉంటే 20 అడుగులే.

ఇప్పుడు తిరగేసి చూడండి. వాడకం పెరిగి పైన నీటిమట్టం మూడంగుళాలు దిగింది అనుకోండి. నెమ్మది నెమ్మదిగా కింద నుంచి ఉప్పునీరు 10 అడుగులు పైకి వస్తుంది.

"అయితే వంద అడుగుల బోరు దింపితే?" అన్నాడు చందా వేయించినాయన.

"తిన్నగా ఉప్పునీళ్లలోకే దిగుతారు" అన్నాడు ఇంజనీరు. "కొన్ని చోట్ల బాగా లోతులో, బంకమట్టి పొర కింద వేరే మంచినీరు ఉండవచ్చు. అది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పరీక్ష చేయకుండా బోరు వేయకండి. ఒడ్డున నుయ్యి లోతుగా ఉండకూడదు. వెడల్పుగా ఉండాలి."

నీళ్లు ఎటు పోయాయి?

"తాతల నాటి నుంచి వాడుతున్నాం. ఇన్నేళ్లు లేని ఉప్పు ఇప్పుడెలా వచ్చింది?" అని అత్త అడిగింది.

కోడలు పలక మీద లెక్క వేసింది. ఇంటికి రోజుకు 8 బిందెలు. బిందెకు 15 లీటర్లు. అంటే ఇంటికి 120 లీటర్లు. 160 ఇళ్లకు 19,200 లీటర్లు.

నూతికి వంద మీటర్ల దూరంలో ఊరాయన ఒకాయనకు స్థలం ఉంది. ఏడాది కిందట ఆయన అక్కడ బోరు వేసి మోటారు పెట్టాడు. రోడ్డు పక్కన కొత్త ఇళ్లు కడుతున్నారు. వాళ్లకు ట్యాంకర్లతో నీళ్లు అమ్ముతున్నాడు. మోటారు గంటకు 10,000 లీటర్లు తోడుతుంది. రోజుకు ఆరు గంటలు నడుస్తుంది. అంటే 60,000 లీటర్లు.

కోడలు పలక పైకెత్తి చూపించింది. "మన పల్లె మూడు రోజులు తాగే నీళ్లు ఒక్క రోజులో పోతున్నాయి."

"చేదతో తోడితే నీరు నెమ్మదిగా ఊరుతుంది" అన్నాడు ఇంజనీరు. "మోటారు ఒక్క చోటే గట్టిగా లాగుతుంది. అప్పుడు కింది ఉప్పునీరు చీమల పుట్టలాగా పైకి లేస్తుంది."

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఇసుక దిబ్బను ట్రాక్టర్లు తవ్వుకుపోతున్నాయి. ఆ దిబ్బే వాన నీటిని దాచే గాదె. ఉప్పెన వచ్చినప్పుడు అడ్డు నిలిచే గోడ కూడా అదే. గాదె చిన్నదైతే గింజలు ఎక్కడ దాస్తాం?

గ్రామసభలో

గ్రామసభ జరిగింది. ఓటు ఉన్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యుడే. ఆడవాళ్లు ఎక్కువమంది వచ్చారు.

మోటారు యజమాని కోపంగా లేచాడు. "నా స్థలం. నా బోరు. అప్పు చేసి పెట్టుకున్నాను. ఇద్దరు కుర్రాళ్లు దాని మీద బతుకుతున్నారు. మీకేటి?"

ఆయన మాటలో న్యాయం అసలు లేకపోలేదు. అప్పు నిజం. కుర్రాళ్ల కూలీ నిజం. అందుకే ఎవరూ తిట్టలేదు.

అత్త లేచింది. "తమ్ముడూ, స్థలం నీదే. కాదన్లేదు. కింద నీళ్లకి నీ గట్టు తెలుస్తాదా, నా గట్టు తెలుస్తాదా? నీ ఇంట్లో గంజి మాత్రం తియ్యగుందేటి?"

ఆయన మాట్లాడలేదు. ఆయన భార్య కూడా రోజూ మూడు కిలోమీటర్లు నడుస్తోంది.

పంచాయతీ కార్యదర్శి చట్టం చదివి చెప్పాడు. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే వాల్టా చట్టం అంటారు. ఊరందరూ తాగే నీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి గాని, బోరు గాని వేయరాదు. అనుమతి లేకుండా వేస్తే అధికారులు ఆపించవచ్చు.

చివరకు ఇలా తీర్మానించారు.

1. ట్యాంకరు వ్యాపారం ఆపాలి. మోటారు యజమాని తన ఇంటికి చేదతో తోడుకోవచ్చు.

2. దిబ్బ మీద ఇసుక ఎవరూ తీయరాదు. దిబ్బ మీద సరుగుడు మొక్కలు నాటాలి.

3. చందా డబ్బుతో బోరు వేయరాదు. 12 అడుగుల లోతున ఒరల నుయ్యి ఒకటి దూరంగా తవ్వాలి. అప్పుడు భారమంతా ఒక్క నూతి మీద పడదు. చాలని డబ్బు పంచాయతీ ఇవ్వాలి. ఆ పని కూలీ ముందుగా ఆ ఇద్దరు కుర్రాళ్లకే.

4. మరుగుదొడ్డి గుంట నూతికి 30 మీటర్ల దూరం ఉండాలి. ఇసుకలో మురుగు తొందరగా పాకుతుంది.

తరువాత ఏమైంది?

మోటారు ఆగిన మర్నాడే నీళ్లు తియ్యగా మారలేదు. "ఆపి ఏం లాభం?" అని కొందరు సణిగారు. "నూతిలో నీళ్లన్నీ మోటారుతో తోడి పారేస్తే ఉప్పు పోతాది" అన్నారు ఇంకొందరు.

అది పొరపాటు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. శ్రీలంక తూర్పు తీరంలో వేల నూతుల్లోకి సముద్రపు నీరు చేరింది. అప్పుడు కొందరు నూతులు పదే పదే తోడారు. ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు ఇంకా పైకి వస్తుందని నిపుణులు హెచ్చరించారు. వాన నీరే ఉప్పును మెల్లగా కిందికి నెట్టాలి. ఉప్పెన వచ్చిన చోట కూడా అంతే.

ఈ పల్లెవాళ్లు ఓపిక పట్టారు. జూన్‌లో వానలు మొదలయ్యాయి. ఇళ్ల చూరు నీళ్లు నూతి చుట్టూ గుంటల్లోకి మళ్లించారు. అక్టోబరులో మళ్లీ వానలు పడ్డాయి. పై ఏడు కూడా అలాగే చేశారు.

రెండో ఏడు సంక్రాంతికి నీటి పరీక్ష చీటీ వచ్చింది. కోడలు పైకి చదివింది. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీరు లేకపోతే 2,000 వరకు తాగవచ్చు. మొదటి చీటీలో ఆ అంకె 2,600. ఈ చీటీలో 1,300.

"పూర్తిగా తియ్యబడలేదు" అంది కోడలు.

అత్త చెంబెడు నీళ్లు తాగింది. కాసేపు ఆలోచించింది.

"అయితే రేపటి నుంచి గంజిలో ఉప్పు నువ్వే వెయ్యాలే" అంది.

గుర్తుంచుకోండి

ఒడ్డున మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది.
లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది.
గట్టిగా తోడితే ఉప్పు పైకి లేస్తుంది.
ఇసుక దిబ్బ వాన నీటికి గాదె.
కాచితే క్రిములు పోతాయి, ఉప్పు పోదు.

మాట్లాడుకోండి

1. మీ ఊరి నూతి నీళ్లు పదేళ్ల కిందట ఎలా ఉండేవి? ఇప్పుడు ఎలా ఉన్నాయి? పెద్దవాళ్లను అడగండి.

2. మీ ఇంట్లో రోజుకు ఎన్ని బిందెల నీళ్లు వాడతారు? మీ ఊరంతటికీ ఎన్ని లీటర్లు? లెక్క కట్టండి.

3. మోటారు యజమాని మాటలో న్యాయం ఎంత? అత్త మాటలో న్యాయం ఎంత? మీరైతే ఏమని తీర్మానిస్తారు?

చేసి చూడండి

గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి నాలుగు చెంచాల ఉప్పు కలపండి. చిటికెడు పసుపు వెయ్యండి. దాని మీద గరిటె అంచు నుంచి మంచినీళ్లు మెల్లగా జారవిడవండి. తెల్లనీళ్లు పైన నిలుస్తాయి. ఇప్పుడు గ్లాసు గట్టిగా కదపండి. ఏమైందో రాయండి.

రాయండి

మీ ఊరి నూతి నీళ్లు పరీక్ష చేయమని మండల ఆఫీసుకు అర్జీ రాయండి. కింద మీ సంతకం చేయండి.