ఏలీ చేసిన పని

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన అయ్యాక మన సంఘాల్లో వాగ్దాన కార్డులు ఇస్తారు కదా. ఒక ఏడాది మా పెద్దమ్మాయికి ద్వితీయోపదేశకాండం 28లోని, దేవుడు నిన్ను తలగా నియమిస్తాడు గానీ తోకగా కాదన్న మాట వచ్చింది. అప్పుడది ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. ఇంకేముంది, మందిరం మెట్లు దిగకుండానే నేను అర్థం చెప్పేశాను: "మెడిసిన్‌లో సీటు ఖాయమని దేవుడే చెప్పాడమ్మా." అది చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ, "కార్డు నాకొచ్చింది కదా, నీకెలా తెలిసింది నాన్నా?" అంది.

ఎదురు మాట్లాడుతోందని కసిరాను. మర్నాడు ఆ అధ్యాయం తీసి చదివాను. మొత్తం 68 వచనాలు. దీవెనలు మొదటి 14లోనే, ఆ తర్వాతవన్నీ శాపాలు. ఆ దీవెనలకైనా ముందే ఒక షరతు ఉంది, దేవుని మాట శ్రద్ధగా వినాలని. సీటు ఊసు ఎక్కడా లేదు. వినాల్సిన పని వదిలేసి ఆయన తరఫున నేనే మాట్లాడేశానన్నమాట.

పిల్లల చదువు దగ్గర, పెళ్ళి దగ్గర "దేవుడు నాతో చెప్పాడు" అన్న మాట మన నోట ఎంత సులువుగా వస్తుందో! పొలం గట్టు తగాదాలో మాత్రం ఆయన మనతో ఏమీ చెప్పినట్టుండదు. పిల్లలు ఇది కనిపెట్టరనుకోకండి.

మొదటి సమూయేలు మూడో అధ్యాయంలో యాజకుడు ఏలీని చూడండి. సొంత కొడుకులను అదుపు చేయలేకపోయినవాడు, చూపు మందగించిన ముసలివాడు. తండ్రిగా తప్పిపోయినవాణ్ణే దేవుడు సమూయేలనే పిల్లవాడికి వినడం నేర్పడానికి వాడుకున్నాడంటే నాలాంటివాడికి కొంత ధైర్యం. రాత్రివేళ ఎవరో పిలిచారనుకుని ఆ పిల్లవాడు మూడుసార్లు ఏలీ దగ్గరికే వెళ్ళాడు. ఒక్కసారీ కసురుకోలేదు ఏలీ. మీ పిల్లాడు రాత్రి రెండింటికి లేచి మీ గది తలుపు తట్టగలడా? నేనైతే ఆ ప్రశ్న దగ్గరే చాలాసేపు ఆగిపోతాను. మీ దగ్గరికి రావడానికే జంకే బిడ్డకు దేవుడి దగ్గరికి వెళ్ళమని ఎలా చెబుతారు?

పిలుస్తున్నది దేవుడేనని మూడోసారికి ఏలీకి అర్థమైంది. ఏం జవాబివ్వాలో నేర్పి పడుకోమని పంపేశాడు. వెంట వెళ్ళి పక్కన నిలబడలేదు. ఆ పిల్లవాడి బదులు తాను వినలేదు.

ఇంట్లో చేయగలిగింది చిన్నదే. కుటుంబ ప్రార్థనలో మనం పాడతాం, చదువుతాం, అడుగుతాం, ఆమెన్ అనగానే టీవీ పెడతాం. వాక్యం చదివాక ఒక్క రెండు నిమిషాలు ఊరుకోండి. ఫోన్లు పక్క గదిలో ఉండాలి, మీవి కూడా. ఇంగ్లీషు మీడియం పిల్లలకు మన బైబిల్లోని గ్రాంథికం సగం అందదు. ఐదారు వచనాలే తీసుకుని, కష్టమైన మాటలు వాడుకలో చెప్పి, మళ్ళీ నిదానంగా చదవండి. ఆ తర్వాత "దేవుడు నీతో ఏం చెప్పాడు?" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే మనకు నచ్చే జవాబు ఒకటి అల్లి చెబుతారు, సండే స్కూల్లో ఆ విద్య బాగా వచ్చేస్తుంది. "ఏ మాట దగ్గర ఆగావు?" అంటే చాలు. ఏమీ లేదంటే సరేననండి.

వచ్చే తలంపులన్నీ దేవుడివి కావని కూడా చెప్పాలి. వాక్యానికి ఎదురుగా ఉందా, ఎవరినైనా చిన్నబుచ్చేలా ఉందా అని చూసుకోవడం అలవాటు చేయండి. నిజంగానే చెవిలో మాటలు వినిపిస్తున్నాయని, నిద్ర పట్టడం లేదని బిడ్డ భయపడుతుంటే ప్రార్థనతోపాటు డాక్టరుకు చూపించండి. అది అవిశ్వాసం కాదు.

కష్టమైన భాగం తెల్లారాక వచ్చింది ఏలీకి. ఆ పిల్లవాడు విన్నది ఏలీ ఇంటిమీద తీర్పు. చెప్పడానికి భయపడుతుంటే, దాచొద్దని ఏలీయే గట్టిగా పట్టుబట్టి అడిగాడు. విని కోప్పడలేదు.

ఇలాంటిది నాకూ ఎదురవుతుందనుకోలేదు. ఒక రాత్రి మత్తయి 5 చదివాం. బలిపీఠం దగ్గరికి వచ్చినవాడు, సహోదరుడికి తనమీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడాలన్న భాగం. రెండు నిమిషాలు అయ్యాయి. ఆరో తరగతి చదివే మా చిన్నది దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ, "నేను 'సహోదరుడు' దగ్గర ఆగాను. నాన్నా, బాబాయి మనింటికి ఎందుకు రావట్లేదు?" అంది.

మా ఆవిడ తల దించుకుంది. తమ్ముడితో గట్టు గొడవ జరిగి అప్పటికి రెండేళ్ళు. "పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "తప్పు నాది కూడా ఉందమ్మా" అన్నాను.

తమ్ముడికి ఫోన్ చేయడానికి మరో నాలుగు రోజులు పట్టింది.