సంతకానికి ముందు చదవండి

జమ్మలమడుగు చెల్లెలికి ప్రొద్దుటూరు బట్టల అంగట్లో పని దొరికింది. "నెలకు 13,000 ఇస్తాం" అన్నారు. కాగితంలో 12,000 అని ఉంది. ఒకప్పుడైతే వేలిముద్ర వేసేది. ఇప్పుడు చదివింది.

"అన్నా, నోటితో 13,000 అంటిరి. ఇందులో 12,000 ఉండాది. ఏది నిజం?" అని అడిగింది.

"తిండికి వెయ్యి పట్టుకుంటాం" అన్నాడు యజమాని.

"నేను సద్ది తెచ్చుకుంటా. 13,000 అని రాయండన్నా."

ఆయన అంకె దిద్ది, పక్కన సంతకం చేశాడు. అప్పుడు చెల్లెలు సంతకం పెట్టింది. జిరాక్సు తీయించి ఇంట్లో దాచుకుంది.

గుర్తుంచుకోండి:

కనీస వేతనం ఎంతో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 1948లో దీనికి చట్టం వచ్చింది. ఇప్పుడు 2019 వేతనాల చట్టం ఉంది. అంతకన్నా తక్కువ ఇవ్వకూడదు. పులివెందులలో అయినా, ప్రొద్దుటూరులో అయినా చట్టం ఒకటే.

జీతం తగ్గిస్తే కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. దాచిన కాగితమే మీకు సాక్షి.

మీ కాగితంలో ఎంత రాశారు? చదవండి.